లెమైత్ర్ అభ్యంతరము: బిగ్ బ్యాంగ్ సృష్టికి రుజువా?

ఆదికాండము మొదటి అధ్యాయముపై ప్రసంగించేటప్పుడు కాపరులలో కొందరు బిగ్ బ్యాంగ్ సిద్ధాంతమును ప్రస్తావించి, బైబిలు చెప్పినదానినే సైన్సు ఇప్పుడు ఒప్పుకొన్నదని అంటూ ఉంటారు. కళాశాలలలో చదివే యౌవనస్థులకు ఈ మాట ధైర్యమునిస్తుంది, నిజమే. అయితే ఈ వాదనకు అభ్యంతరము చెప్పినవాడు నాస్తికుడు కాడు. ఆ సిద్ధాంతమునకు ఆద్యుడైన బెల్జియము దేశపు కతోలిక గురువు జార్జ్ లెమైత్ర్.

విశ్వము వ్యాకోచిస్తున్నదని 1927లోను, అది ఒకే 'ఆదిమ అణువు' నుండి ఆరంభమై ఉండవచ్చునని 1931లోను ఆయన ప్రతిపాదించాడు. 1951 నవంబరు 22న పోపు 12వ పయస్ పొంటిఫికల్ అకాడమీ సభ్యులతో మాట్లాడుతూ, వెలుగు కమ్మని దేవుడు పలికిన తొలి ఘడియకు నేటి విజ్ఞానశాస్త్రము సాక్ష్యమిస్తున్నదన్న ధోరణిలో ప్రసంగించాడు. లెమైత్ర్ దీనికి సంతోషించలేదు, కలవరపడ్డాడు.

ఆయన కలవరము న్యాయమైనదే అని మేము భావిస్తున్నాము. ఆ నాటికి హాయిల్, బాండి, గోల్డ్ 1948లో ప్రతిపాదించిన స్థిరస్థితి సిద్ధాంతము ఇంకా బలముగానే ఉన్నది. విశ్వమంతటా నిండియున్న సూక్ష్మతరంగ వికిరణము సంగతి లోకమునకు తెలిసినది 1965లో. ఒకవేళ ఆ పరిశీలన మరొక విధముగా తేలియుంటే, ఆ ప్రసంగమును ఆధారము చేసికొన్నవారి విశ్వాసము ఏమై యుండును?

అంతకంటె లోతైన పొరపాటు ఒకటున్నది. భౌతికశాస్త్రము సుమారు 1380 కోట్ల సంవత్సరముల వెనుకనున్న అతి వేడి, అతి సాంద్ర స్థితి వరకు మనలను తీసికొనిపోవును. అది ఒక స్థితి నుండి మరొక స్థితికి జరిగిన మార్పు. సృష్టి సిద్ధాంతమైతే అసలు ఏదైనను ఎందుకు ఉన్నదని అడుగుతుంది. లోకమునకు ఆరంభమున్నదని తర్కముచేత నిరూపింపజాలమని, విశ్వాసముచేతనే అంగీకరిస్తామని 13వ శతాబ్దములోనే థామస్ అక్వినాసు వాదించాడు. హెబ్రీ పత్రిక 11:3 కూడ ఈ సంగతిని విశ్వాసము క్రిందనే ఉంచినది. రుజువులు వెదకే తొందరలో మనము ఆ మాటను దాటిపోతున్నాము.

లెమైత్ర్‌తో మాకు పూర్తి ఏకీభావము లేదు. శాస్త్రమును, విశ్వాసమును రెండు వేరు మార్గములుగా ఆయన మరీ దూరముగా ఉంచాడు. 19వ కీర్తనను ప్రకటించవలసిన కాపరికి ఆ దూరము సరిపోదు. 1931 నాటి తన చిన్న వ్యాసము చిత్తుప్రతిలో, సమస్తమును భరించే దేవుడు స్వభావరీత్యా మరుగైయున్నాడన్న భావముతో ఆయన ఒక చివరి పేరా వ్రాసి, ప్రచురణకు ముందు కొట్టివేశాడు. శాస్త్ర పత్రికకు ఆ కొట్టివేత తగినదే. ప్రసంగ వేదికకు మాత్రము ఆ కొట్టివేసిన పేరాయే కావలెను.