వరం కాదు, చదువు

ఇళయరాజా గురించి రాసే విమర్శకులకు ఒక తేలిక మాట దొరికింది: 'పుట్టుకతో వచ్చిన విద్య'. వినడానికి పొగడ్తే. కానీ అగ్రవర్ణ విద్వాంసుణ్ణి పరిచయం చేయాల్సొస్తే ఇలాంటి విమర్శకులే గురువు పేరు, పరంపర, సాధన చేసిన ఏళ్లు వరసగా చెబుతారు. దళిత కుటుంబంలో పుట్టినవాడి దగ్గరికొచ్చేసరికి గురువులు మాయమై దేవుడు మిగులుతాడు. ఈ తేడానే మేం ప్రశ్నిస్తున్నాం.

ఆయన చదువు లెక్క చూద్దాం. 1943లో తమిళనాడులోని పణ్ణైపురంలో పుట్టాడు. అన్న పావలర్ వరదరాజన్ నడిపిన కమ్యూనిస్టు ప్రచార పాటల బృందమే మొదటి బడి. జనం ఏ పాటకు కదులుతారో ఊరూరా తిరిగి నేర్చుకున్నాడు. 1968లో మద్రాసులో ధనరాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం మొదలుపెట్టాడు. లండన్ ట్రినిటీ కాలేజీ గిటార్ పరీక్ష పాసయ్యాడు. టి.వి. గోపాలకృష్ణన్ దగ్గర కర్ణాటక సంగీతం నేర్చాడు. జి.కె. వెంకటేశ్ దగ్గర సహాయకుడిగా ఏళ్లతరబడి పనిచేశాడు. 1976లో 'అన్నక్కిళి' వచ్చేసరికి వయసు 30 దాటింది. దీన్ని వరమంటారా?

ఇందులో రాత పాఠం మాకు ముఖ్యం. కర్ణాటక విద్య చాలాకాలం గురువింటి గడప లోపలే ఉంది. ఆ గడప ఎవరికి తెరుచుకునేదో చెప్పనక్కర్లేదు. పాశ్చాత్య స్వరలిపి కూడా డబ్బు, గురువు, తీరిక అడుగుతుంది. అయినా ఒకసారి చదవడం వచ్చాక బాఖ్ పుట తెరవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 1986 నాటి 'హౌ టు నేమ్ ఇట్'లో బాఖ్‌నీ త్యాగరాజునీ పక్కపక్కన నిలబెట్టిన ధైర్యం ఈ చదువుదే.

1985 నాటి 'సింధుభైరవి' సినిమాలో జానపద వరసలో మొదలైన పాట త్యాగరాజు తెలుగు కృతిలో కలుస్తుంది. కాంభోజిలో ఉన్న ఆ కృతిని ఆయన సారమతిలోకి మార్చాడు. సంప్రదాయవాదులకిది అపచారం. మాకైతే, పొలం పాటా సభ పాటా ఒకే స్వరాల మీద నిలుస్తాయని చెవికి రుజువు చేయడం. అయితే ఒక మాట దాచకూడదు. అక్కడ కూడా పల్లె పాట కృతిలోకి చేరాకే గౌరవం పొందుతుంది. కృతి పల్లె పాట దగ్గరికి దిగిరాదు.

2025 మార్చి 8న లండన్‌లో ఆయన 'వేలియంట్' సింఫనీ వినిపించారు. తనను కులంతో గుర్తించడం ఆయనకిష్టం లేదు. అది ఆయన హక్కు. మా లెక్క పిల్లల గురించి. వరమంటే మన పిల్లలకు రాలేదని సరిపెట్టుకోవాలి. చదువంటే నిలదీసి అడగొచ్చు: ప్రభుత్వ సంగీత కళాశాలల్లో మనవాళ్లెందరు? మన హాస్టళ్లలో ఎన్నింటికి ఒక హార్మోనియం, నేర్పే మాస్టారు ఉన్నారు?