నిషాదం దగ్గర ఆగిన బ్యూగిల్

మా ఆర్కెస్ట్రాలో డబ్బు పుచ్చుకునేది కండక్టరు ఒక్కరే. మిగతావాళ్లమంతా ఎదురు చందా కట్టి వాయిస్తాం. ఇంగ్లండ్‌లో చాలా ఊళ్లలో ఇలాంటి కమ్యూనిటీ ఆర్కెస్ట్రాలు ఉంటాయి. మాదాంట్లో పళ్ల డాక్టరు క్లారినెట్ ఊదుతాడు, రిటైరైన లెక్కల టీచరు చెల్లో వాయిస్తుంది, బస్సు డ్రైవరు ట్రాంబోన్. వారానికో సాయంత్రం చర్చి హాల్లో రిహార్సల్, మధ్యలో టీ, బిస్కట్లు. నాది రెండో వయొలిన్లలో ఆఖరి వరస. చిన్నప్పుడు నేల మీద బాసింపట్టు వేసుకుని, వయొలిన్ తలని పాదానికి ఆనించి వర్ణాలు సాధన చేసిన చేతులు నావి. కుర్చీలో కూర్చుని గడ్డం కింద పెట్టుకోవడం ఇక్కడికొచ్చాకే అలవాటైంది.

ఈ సీజన్ ఆఖరి కచేరీకి ఎంచుకున్న విషయం యుద్ధం. చైకోవ్‌స్కీ '1812' వేద్దామని ఎవరో అన్నారు గానీ, ఫిరంగులకి చర్చివాళ్లు ఒప్పుకోరని ఊరుకున్నాం. చివరికి తేలినవి హైడన్ మిలిటరీ సింఫనీ, జార్జ్ బటర్‌వర్త్ రాసిన చిన్న రచన ఒకటి, వాన్ విలియమ్స్ 'పాస్టోరల్ సింఫనీ'లో రెండో భాగం, ముగింపుకి హోల్స్ట్ 'మార్స్'.

నిజానికి ఆర్కెస్ట్రాలో సగం సామాను యుద్ధభూమి నుంచి వచ్చిందే. టింపనీలు ఒకప్పుడు గుర్రాల మీద కట్టి మోగించిన నగారాలు. పెద్ద డోలు, తాళాలు, ట్రయాంగిల్ తురుష్కుల జానిసరీ దళాల మేళాన్ని చూసి యూరప్‌వాళ్లు తెచ్చుకున్నవి. 1794లో లండన్‌లో హైడన్ వాటిని సింఫనీ మధ్యలో ఒక్కసారిగా మోగించారు. అప్పటికి బ్రిటన్ ఫ్రాన్స్‌తో యుద్ధంలో ఉంది. వినడానికి వచ్చిన పెద్దమనుషులకి ఆ మోత వట్టి వినోదం కాదు. ఆ పాయ మన వైపుకీ వచ్చింది. మద్రాసులో కంపెనీ దొరల బ్యాండు వరుసలు విని ముత్తుస్వామి దీక్షితార్ వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు. నోటు స్వరాలని పిల్లలకి నేర్పేవి అవే. ఆయన తమ్ముడు బాలుస్వామి చేతికి వయొలిన్ వచ్చిందీ ఆ రోజుల్లోనే. మన పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు మేళం వేసుకునే జరీ కోటు, భుజాల మీద కుచ్చులు ఏ పటాలం నుంచి దిగాయో వేరే చెప్పాలా?

ఇక 'మార్స్'. దీన్ని వాయించడం మహా సరదా. దాపరికమెందుకు, రిహార్సల్లో అందరి మొహాలూ వెలిగిపోతాయి. మొదట్లో కమాను వెంట్రుకలతో కాకుండా కర్రతో తీగల మీద కొట్టాలి. ఖరీదైన కమాను పాడవుతుందని సగం మంది ఇంటి నుంచి పాతది ఇంకొకటి తెచ్చుకుంటారు. టెనర్ ట్యూబా మా దగ్గర లేదు, పక్క ఊరి బ్రాస్ బ్యాండు నుంచి యూఫోనియం ఆయన్ని బతిమాలి తెచ్చుకున్నాం. లయ ఐదు దెబ్బలది. ఖండ నడక తెలిసిన నాకు లెక్క ఇబ్బంది కాలేదు గానీ, పక్కనున్నావిడ నాలుగు వారాలు పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంది. హోల్స్ట్ తెలివంతా ఆ ఐదులోనే ఉంది. సైన్యాలు రెండులోనో నాలుగులోనో కవాతు చేస్తాయి. ఐదులో నడవబోతే కాళ్లు తడబడతాయి. అంటే ఇది యుద్ధాన్ని పొగిడే సంగీతం కానే కాదు, మనిషి నడవలేని యంత్రపు నడక. అయినా జనానికి అందేది మోత ఒక్కటే.

హోల్స్ట్ దీన్ని మొదలుపెట్టింది 1914లో. సైన్యంలో చేరబోతే ఆరోగ్యం బాలేదని తిప్పి పంపేశారు. ఆయన ప్రాణ స్నేహితుడు వాన్ విలియమ్స్ మాత్రం 42 ఏళ్ల వయసులో, ఎవరూ రమ్మనకపోయినా, మామూలు సిపాయిగా వైద్య దళంలో చేరారు. 1916లో ఫ్రాన్స్‌లో గాయపడినవాళ్లని అంబులెన్స్ బండిలో మోశారు. సింఫనీ రాయమని ఒకప్పుడు ఆయన్ని తొందరపెట్టిన మిత్రుడు బటర్‌వర్త్ ఆ ఆగస్టులోనే సోమ్ పోరులో చనిపోయారు, 31 ఏళ్లకి. తర్వాత వాన్ విలియమ్స్ ఫిరంగి దళంలో ఆఫీసరయ్యారు. ఆ మోతకి దెబ్బతిన్న చెవులు ముసలితనంలో బాగా మొరాయించాయి.

ఇంత చూసినాయన 1922లో వినిపించిన 'పాస్టోరల్ సింఫనీ'లో ఒక్క ఫిరంగి లేదు. పేరు చూసి, నెమ్మది చూసి, ఇదేదో ఇంగ్లిషు పొలాల పాట అనుకున్నారు. ఆవు గేటు మీంచి తొంగిచూస్తున్నట్టుందని వెక్కిరించినవాళ్లూ ఉన్నారు. అది యుద్ధకాలపు సంగీతమని, అంబులెన్స్‌తో రాత్రులు తిరిగిన ఫ్రాన్స్‌లో పుట్టిందని ఆయన 1938లో ఒక ఉత్తరంలో రాశారు.

రెండో భాగంలో ఒక ట్రంపెట్ సోలో ఉంది. శిబిరంలో ఒక బ్యూగిలరు సాధన చేస్తూ పై షడ్జాన్ని అందుకోబోయి, అందక, నిషాదం దగ్గర ఆగిపోయేవాడట. వాన్ విలియమ్స్ ఆ పొరపాటునే స్వరపరిచారు. అందుకే మీటలు నొక్కకుండా, గొట్టం సహజంగా ఇచ్చే స్వరాలే పలకాలని కోరారు. అలా పలికే నిషాదం మన కైశికి కంటే ఒక పిసరు కిందికి ఉంటుంది. పియానోకి అలవాటైన చెవులకి అది అపశ్రుతి. గమకాలు విన్న చెవికి అది అపశ్రుతిలా తోచదు, పైకి వెళ్లలేక నిలిచిపోయిన గొంతులా తోస్తుంది.

అంతసేపూ కింద తీగల వాద్యాలవాళ్లం తంబూరాలా ఒకే స్వరం పట్టుకుని ఉండాలి. చాలా మెల్లగా, వినీ వినపడనంతగా. కమాను చివరికొచ్చాక దిశ మార్చక తప్పదు, ఆ మార్పు బయటికి తెలియకూడదు. నేనూ పక్కనున్నావిడా వంతులేసుకున్నాం, ఒకరు మార్చేటప్పుడు రెండోవాళ్లు మార్చకూడదని. గట్టిగా వాయించేటప్పుడు మాబోటి ఔత్సాహికుల లోపాలన్నీ మోతలో కలిసిపోతాయి. ఇక్కడ ఒక్క చెయ్యి వణికినా హాలంతా వినిపిస్తుంది. రిహార్సల్లో ఈ భాగం వచ్చినప్పుడు ఒక్కరి మొహంలోనూ నవ్వు లేదు. కచేరీ రోజు ట్రంపెట్ అబ్బాయి ఆ నిషాదాన్ని చక్కగా తన చోట నిలబెట్టాడు.

అందుకే కార్యక్రమం వరుస నాకు మింగుడు పడలేదు. 'మార్స్'తో ముగిస్తే జనం లేచి చప్పట్లు కొడతారని కమిటీ లెక్క. లెక్క తప్పలేదు, లేచే కొట్టారు. కానీ యుద్ధం గురించి కచేరీ పెట్టి, వచ్చినవాళ్లని హుషారుగా ఇంటికి పంపడమేమిటి? 'మార్స్' ముందుండాలి, 'పాస్టోరల్' ఆఖరున ఉండాలి. చప్పట్లు తగ్గితే తగ్గనీ. నవంబరులో పక్క ఊళ్లో ఇదే కార్యక్రమం మళ్లీ ఉంది. వరుస మార్చమని కమిటీకి మెయిలు పెట్టాను.