సృష్టికర్త ఎవరు? - ‘ది మేకింగ్ ఆఫ్ స్టార్ ట్రెక్’

ఒక కళారూపం ఎలా తయారయిందో చెప్పే పుస్తకాలు సాధారణంగా అది పాతబడి, దాని చుట్టూ భక్తి పేరుకున్న తర్వాత వస్తాయి. 1968లో అమెరికాలో బాలంటైన్ ప్రచురణ సంస్థ తొంభై అయిదు సెంట్ల చవక ప్రతిగా వేసిన ‘ది మేకింగ్ ఆఫ్ స్టార్ ట్రెక్’ అలాంటిది కాదు. అది బజారులోకి వచ్చేనాటికి ‘స్టార్ ట్రెక్’ ధారావాహిక ఇంకా స్టూడియోలో తయారవుతూనే ఉంది. మరుసటి ఏడాదికి ఉంటుందో పోతుందో తెలియని టెలివిజన్ కార్యక్రమం మీద నాలుగు వందల పైచిలుకు పేజీల పుస్తకం ఆనాటికి కొత్త. అట్ట మీద రెండు పేర్లున్నాయి: స్టీఫెన్ ఇ. విట్‌ఫీల్డ్, జీన్ రాడెన్‌బెరీ. మొదటి ఆయన పుస్తకం రాసినవాడు. రెండో ఆయన ధారావాహిక నిర్మాత, దాని ‘సృష్టికర్త’. మన సాహిత్య విద్యార్థికి ఈ పుస్తకంతో ఏం పని అని అడిగితే, ఆ చివరి మాట కోసమే చదవమని చెప్పాలి.

ధారావాహిక సంగతి క్లుప్తంగా. ఎన్.బి.సి. నెట్‌వర్క్ 1966 సెప్టెంబరు 8 నుంచి 1969 జూన్ 3 దాకా 79 భాగాలు ప్రసారం చేసింది. ఇరవైమూడో శతాబ్దంలో ఎంటర్‌ప్రైజ్ అనే నౌక గ్రహాలు తిరుగుతుంది. అందులో నల్లజాతి స్త్రీ, జపాన్ మూలాలున్నవాడు, రష్యన్ యువకుడు, సగం పరాయి గ్రహవాసి కలిసి పనిచేస్తారు. 1980లలో మన దూరదర్శన్ కూడా ఆదివారం ఉదయాల్లో దీన్ని చూపించింది.

విట్‌ఫీల్డ్ అసలు పేరు స్టీఫెన్ ఎడ్వర్డ్ పో. ప్లాస్టిక్ నమూనా బొమ్మలు తయారుచేసే ఎ.ఎం.టి. కంపెనీ ప్రచారం పనిమీద ఆయన స్టూడియోలో అడుగుపెట్టాడు. ఈ వివరాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. నౌకలోంచి గ్రహం మీదికి దిగే చిన్న వాహనం కట్టించడానికి నిర్మాతల దగ్గర డబ్బు లేకపోతే, ఎ.ఎం.టి. తన ఖర్చుతో మనుషులు ఎక్కేంత వాహనాన్ని కట్టించి ఇచ్చింది. బదులుగా దాని బొమ్మలు అమ్ముకునే హక్కు పుచ్చుకుంది. ఆ వాహనం చేతికి వచ్చింది కాబట్టే అది కూలిపోయిన కథ ఒకటి, ‘ది గెలీలియో సెవెన్’, తెరకెక్కగలిగింది. కథావస్తువుని సమాజం నిర్ణయిస్తుందని మనం తరచు అంటూ ఉంటాం. సమాజం అంటే ఒక్కొక్కప్పుడు బొమ్మల కంపెనీ కూడా అని ఈ పుస్తకం, బహుశా తనకు తెలియకుండానే, చెబుతుంది.

పుస్తకానికి ప్రాణం దానిలో అచ్చువేసిన కార్యాలయ పత్రాలు. మెమోలు, ఉత్తరాలు, రచయితలకిచ్చిన సూచనలు. ఒక భాగం చిత్రీకరణకి ఆరు రోజుల గడువు. మొదటి ఏడాది ఒక్కో భాగానికి సుమారు లక్షా తొంభై వేల డాలర్లు. మూడో ఏడాదికి అదీ తగ్గింది. ఆ లెక్కలోంచే అంతరిక్షం పుట్టాలి. పెద్ద నౌక ప్రతివారం ఒక గ్రహం మీద దిగడం చూపించే స్తోమత లేదు. అందుకని మనుషుల్ని ఒకచోట కరిగించి ఇంకోచోట తేల్చే యంత్రం కనిపెట్టారు. ఈనాడు ప్రపంచమంతా ఎరిగిన ఆ అద్భుతం ఖర్చు తప్పించుకునే ఉపాయం! దాని మెరుపు, బలమైన వెలుతురులో రాల్చిన అల్యూమినియం పొడి. నౌకలో తలుపులు మనిషి దగ్గరికి రాగానే వాటంతటవే తెరుచుకుంటాయి కదా, గోడ వెనక ఒక కార్మికుడు నిలబడి వాటిని లాగేవాడు. నటుడు నడిచేదీ, కార్మికుడు లాగేదీ ఒక్క క్షణం తేడా వస్తే ముక్కు పగిలేది.

ఉప్పు సీసాల ముచ్చట కూడా ఇందులోదే. ఉప్పు కోసం మనుషుల్ని చంపే జంతువు కథకి, భవిష్యత్తులో ఉప్పు సీసాలు ఎలా ఉంటాయోనని వింత వింత ఆకారాల్లో కొన్ని కొనుక్కొచ్చారు. తీరా చూస్తే అవి ఉప్పు సీసాలని ఎవరూ పోల్చుకోలేరు. మామూలు సీసాలే తెరమీద పెట్టి, ఈ వింతవాటిని నౌకలోని డాక్టరు శస్త్రచికిత్స పరికరాలు చేశారు. వస్తువు, దాని గుర్తింపు, ప్రేక్షకుడి అలవాటు - వీటి సంబంధం గురించి శిల్పశాస్త్ర గ్రంథాలు అధ్యాయాలకి అధ్యాయాలు చెప్పేదాన్ని ఈ సంగతి ఒక్కటే చెబుతుంది. అలాగని పుస్తకమంతా గంభీరంగా ఉండదు. వల్కన్ గ్రహంవాళ్ల పేర్లన్నీ ఫలానా అక్షరాలతో మొదలై ఫలానా అక్షరంతో ముగియాలని రాబర్ట్ జస్ట్‌మన్ రాసిన మెమో, దాని వెనక పేర్ల జాబితా చదివితే, అర్ధరాత్రిదాకా పనిచేసి అలిసినవాళ్ల హాస్యం ఎలా ఉంటుందో తెలుస్తుంది.

రచయితలు జాగ్రత్తగా చదవవలసింది ధారావాహిక రచయితలకిచ్చిన మార్గదర్శిని. పోలీసు కథలో పోలీసు తుపాకీ పేల్చేముందు అది ఎలా పనిచేస్తుందో వివరించడు. మీ పాత్రలు కూడా తమ యంత్రాల గురించి ఉపన్యాసాలివ్వకూడదు అని అందులోని సలహా సారాంశం. రాడెన్‌బెరీ కొంతకాలం లాస్ ఏంజిలస్‌లో పోలీసు ఉద్యోగం చేసినవాడు. మన వైజ్ఞానిక కథకుల్లో సగంమంది మొదటి నాలుగు పేజీలూ యంత్రానికే ఇస్తారు. వాళ్లకి ఈ సలహా మందు. అయితే ఆ శిల్పానికి ఇంకొక ముఖం ఉంది. కథ ముందొక చిన్న ఎర, తర్వాత నాలుగు అంకాలు. ప్రతి అంకం చివర ప్రేక్షకుడు కుర్చీలోంచి లేవకుండా ఒక ఉత్కంఠ. ఎందుకంటే అక్కడ వాణిజ్య ప్రకటన వస్తుంది. ఈ నాలుగు అంకాల నిర్మాణం నాటక సంప్రదాయంలోంచి దిగివచ్చింది కాదు, ప్రకటనల వ్యాపారం గీసిన గీత. విట్‌ఫీల్డ్ దీన్ని దాచలేదు. విమర్శించనూ లేదు. ఆయనకది వాతావరణంలాంటిది.

ఇక అసలు విషయం. ఈ పుస్తకంలో రాడెన్‌బెరీ వ్యాఖ్యల్ని అడుగడుగునా ఇంగ్లీషు పెద్దబడి అక్షరాల్లో అచ్చువేశారు. మన లిపిలో ఆ తేడా లేదు కాబట్టి దాని ప్రభావం చెప్పడం కష్టం. విట్‌ఫీల్డ్ మాట్లాడుతూ ఉంటాడు, మధ్యలో యజమాని గొంతు పెద్దదవుతుంది. ఇది అచ్చు వ్యవహారం మాత్రమే కాదు. పత్రాలన్నీ పదిమంది పనిని చూపిస్తూ ఉంటే, కథనం మాత్రం ఆ పదిమందినీ ఒక మనిషి కలకి సహాయకులుగా నిలబెడుతుంది. మూర్ఖమైన నెట్‌వర్క్, దానితో ఒంటరిగా పోరాడిన సృష్టికర్త - ఇదీ నమూనా.

ఈ నమూనాలో ముఖ్యమైన ఘట్టం మొదటి ప్రయోగ చిత్రం ‘ది కేజ్’. నౌకలో రెండో స్థానంలో ఒక స్త్రీ ఉంటుంది, పేరుండదు, ‘నంబర్ వన్’ అంటారు. నెట్‌వర్క్ ఆ స్త్రీనీ, మొనదేలిన చెవుల స్పాక్‌నీ ఇద్దర్నీ తీసెయ్యమంది, తాను స్పాక్‌ని నిలబెట్టుకుని ఆమె నిబ్బరాన్ని అతనికిచ్చానని రాడెన్‌బెరీ కథనం. చెవుల విషయంలో నెట్‌వర్క్ భయానికి ఆధారం ఉంది: 1966లో ఎన్.బి.సి. అమ్మకాల కోసం వేసిన ప్రచారపత్రంలో స్పాక్ చెవుల మొనలూ కనుబొమలూ చెరిపేశారు. స్త్రీ విషయం మాత్రం అంత సూటిగా లేదు. ఆ రోజుల్లో స్టూడియో తరఫున వ్యవహరించిన హెర్బర్ట్ సోలో, జస్ట్‌మన్ కలిసి 1996లో ‘ఇన్‌సైడ్ స్టార్ ట్రెక్’ రాశారు. నెట్‌వర్క్ అభ్యంతరం అధికారంలో స్త్రీ ఉండడం మీద కాదనీ, ఆ పాత్రకి రాడెన్‌బెరీ ఎంచుకున్న నటి మీదననీ, వివిధ జాతుల నటుల్ని తీసుకోమని నెట్‌వర్కే కోరిందనీ అందులో చెప్పారు. ఆ నటి మేజెల్ బారెట్. 1969లో ఆయన్ని పెళ్లాడింది. సోలో, జస్ట్‌మన్ కూడా కక్షిదారులే, వాళ్లకీ లెక్కలున్నాయి. వాళ్ల మాట తుదితీర్పు అనడం లేదు. కాని దాదాపు మూడు దశాబ్దాలపాటు ఒక్క గొంతే చరిత్రగా చలామణి అయిందంటే, దానికి ఈ తొంభై అయిదు సెంట్ల పుస్తకం చేసిన సేవ తక్కువ కాదు.

ఎవరి శ్రమ ఎక్కడికి పోయింది? పేర్లు అసలే లేవని కాదు, బరువు లేదు. డొరొతీ ఫాంటానా రాడెన్‌బెరీ దగ్గర కార్యదర్శిగా చేరి, కథాసంపాదకురాలయింది. స్త్రీ రాసిందని తెలిస్తే చులకన చేస్తారని పేరు ‘డి.సి. ఫాంటానా’ అని కుదించుకుంది. స్పాక్ తల్లిదండ్రుల్ని మనకు చూపించిన ‘జర్నీ టు బేబెల్’ ఆమెది. జీన్ కూన్ మొదటి ఏడాది మధ్యలో నిర్మాణ బాధ్యత తీసుకున్నాడు. క్లింగాన్ జాతి ఆయన కలంలో పుట్టింది. ఆయన 1973లో పోయాడు, తన వాటా అడగడానికి మిగల్లేదు. నౌక రూపం మాట్ జెఫరీస్ గీసింది. ఆ పదకొండడుగుల నమూనా నేడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వారి వైమానిక అంతరిక్ష మ్యూజియంలో ఉంది.

వా చాంగ్ కథ వేరు. హొనొలూలూలో పుట్టిన ఈ చైనీయ-అమెరికన్ శిల్పి చేతిలోంచే పాత్రలు చేత్తో పట్టుకుని మాట్లాడే కమ్యూనికేటరూ, భుజానికి తగిలించుకునే ట్రైకార్డరూ, ఉప్పు తినే జంతువూ, బల్లిరూపం గార్న్ వేషమూ వచ్చాయి. స్టూడియో పనివాళ్ల యూనియన్‌లో ఆయన సభ్యుడు కాడు. యూనియన్ అభ్యంతరపెట్టింది. వస్తువులు ఆయన సొంతంగా ముందే చేసిపెట్టుకున్నవనీ, స్టూడియో బజారులో దొరికేవాటిలాగే కొన్నదనీ చెప్పి గండం గట్టెక్కారు. ఫలితంగా తెరమీద ఆయన పేరు లేదు. ఇక్కడ యూనియన్‌ని దోషిగా నిలబెట్టడం సులభం. బయటి మనిషితో చవగ్గా పని లాగే యాజమాన్యం నుంచి తన సభ్యుల్ని కాపాడుకోవడం యూనియన్ పని. ఆయనకి తలుపు తెరవకపోవడం దాని తప్పు. అబద్ధం చెప్పి పేరు మింగడం స్టూడియో పని. మూడూ కలిసి నష్టపోయింది ఒక్క మనిషి.

రచయితల గొడవ ఇంకా తీవ్రమైనది. హార్లన్ ఎలిసన్ ‘ది సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్’ రాస్తే స్టూడియోలో కనీసం నలుగురు చెయ్యి చేసుకుని మార్చారు. 1967లో ప్రసారమైంది. మరుసటి ఏడాది ఎలిసన్ మూలప్రతికి రచయితల సంఘం బహుమతి ఇచ్చింది, తెరమీది ప్రతికి వైజ్ఞానిక కథాభిమానులు హ్యూగో బహుమతి ఇచ్చారు. రెండూ బాగున్నాయంటే సమస్య తీరిపోదు, మరీ చిక్కవుతుంది. సంగీతంలోనూ ఇదే వరస. అలెగ్జాండర్ కరేజ్ కట్టిన ముఖగీతానికి రాడెన్‌బెరీ మాటలు రాశాడు. ఆ మాటలు ధారావాహికలో ఎవరూ పాడలేదు, పాడించే ఉద్దేశమూ లేదు. రాయల్టీలో సగం మాత్రం మాటలు రాసినవాడికి వెళ్లింది.

ఇంత చెప్పి భావజాలం ఊసెత్తకపోతే లోపం. శాస్త్ర సలహాలకి రాడెన్‌బెరీ ఆశ్రయించిన హార్వీ లిన్ వ్యక్తిగత హోదాలోనే సాయం చేసినా, ఉద్యోగం చేసింది రాండ్ కార్పొరేషన్‌లో. అది అమెరికా వైమానిక దళం అవసరాలకోసం పుట్టిన సంస్థ. 1968 ఫిబ్రవరి 2న, వియత్నాంలో టెట్ దాడులు మొదలైన వారంలోనే, ‘ఎ ప్రైవేట్ లిటిల్ వార్’ ప్రసారమైంది. శత్రువు ఒక పక్షానికి తుపాకులిచ్చాడు కాబట్టి నౌకాధిపతి రెండో పక్షానికి అన్నే తుపాకులిస్తాడు, బాధపడుతూ ఇస్తాడు. స్క్రిప్టు రాడెన్‌బెరీది, కథ రాసినతను తన అసలు పేరు పెట్టుకోలేదు. పరాయి గ్రహం ముసుగు వేసి నెట్‌వర్క్‌ని దాటవేశామని చెప్పుకోవడంలో నిజం ఉంది. ముసుగు తీస్తే కనిపించేది ఎప్పుడూ తిరుగుబాటే అనుకోవడం మాత్రం అమాయకత్వం.

అయినా ఈ పుస్తకాన్ని అభిమానుల గుడిగంటగా తోసెయ్యడానికి నాకు మనసొప్పదు. టెలివిజన్ రచన చేద్దామనుకున్న కుర్రవాళ్లకి స్టూడియో లోపలి కాగితాలు మొదటిసారి చవగ్గా చేతికందించింది ఇదే. కర్మాగారం గేటు తెరిచి చూపించింది. చూపించేటప్పుడు పక్కన యజమాని నిలబడి మాట్లాడుతున్నాడు, అంతే. మెమోలని ముందు చదవాలి, పెద్దబడి అక్షరాల్ని ఆ తర్వాత చదవాలి. 1996 నాటి పుస్తకం పక్కన పెట్టుకుంటే మరీ మంచిది. రెండింటిలోనూ వెతకవలసిన లెక్క ఒకటుంది: ఆనాటి ఒప్పందాల ప్రకారం నటులకి మొదటి కొద్ది పునఃప్రసారాలకే అదనపు పైకం ముట్టేది. ఆ తర్వాత ఊరూరా స్టేషన్లు ఆ 79 భాగాల్నీ ఏళ్లతరబడి తిప్పి తిప్పి వేసినా వాళ్లకి వచ్చింది ఏమీ లేదు.