తుక్కుకు ధర కట్టేదెవరు?

2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌లో పల్లె చెరువు గట్టు తెగినప్పుడు అల్ జుబైల్ కాలనీ వరదలో కార్లు కొట్టుకుపోవడం ఊరంతా ఫోన్లలో చూసింది. నాలుగైదు రోజులకే గుర్రం చెరువు తెగి హఫీజ్ బాబానగర్ మునిగింది. పాతబస్తీలో నీళ్లు తీశాక మరో యాతన మొదలవుతుంది. బండిని షెడ్డుకు చేర్చాలి, బీమా సర్వేయర్ కోసం ఎదురుచూడాలి, బీమా కంపెనీతో బేరమాడాలి. (థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉన్నవాళ్లకు ఆ బేరం కూడా లేదు.) ఆ బేరంలో యజమాని నష్టపోయేది నోరు లేక కాదు, తప్పు అంకె పట్టుకుని. అతను కారు ధర గురించి వాదిస్తాడు. అది పాలసీ తీసుకున్న రోజే తేలిపోయింది. తేలనిది మునిగిన బండి తుక్కు ధర.

పాలసీ కాగితం మీద ఐడీవీ అనే అంకె ఉంటుంది. కొత్త బండి ధరలోంచి వయసును బట్టి తరుగు తీస్తే వచ్చేది అది: ఆరు నెలల్లోపు 5 శాతం, ఏడాది దాటితే 20, నాలుగేళ్లు దాటితే 50. అయిదేళ్లు దాటిన బండికి ఇద్దరూ ఒప్పుకున్నదే ధర. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండి టోటల్ లాస్. అప్పుడు ఐడీవీనే మార్కెట్ ధరగా చూడాలి, మళ్లీ తరుగు తీయకూడదని మోటార్ టారిఫ్ నిబంధనే చెప్పింది. 2008లో ఓరియంటల్ ఇన్సూరెన్స్ కేసులో సుప్రీంకోర్టు కూడా, ఒక ధర ఒప్పుకుని ప్రీమియం తీసుకున్న కంపెనీ తర్వాత అది ఎక్కువని అనడం కుదరదంది. ఈ కట్టుబాటు మనకూ ఉంది. కాస్త ప్రీమియం మిగులుతుందని ఐడీవీ తగ్గించి రాయించుకున్నవాడు తర్వాత సెకండ్ హ్యాండ్ ధరలు చూపిస్తే ఎవరూ వినరు. వినకపోవడం అన్యాయమూ కాదు.

అసలు కోత పడేది ఇంకోచోట. ఐడీవీ 4 లక్షలనుకుందాం. తుక్కు విలువ 1 లక్షా 60 వేలు, బండి మీరే ఉంచుకోండి, మిగతా 2 లక్షల 40 వేలు ఇస్తాం అంటుంది కంపెనీ. వినడానికి బాగానే ఉంటుంది. కానీ బురద మేటవేసిన ఆ కారుకు తుక్కు వ్యాపారి లక్షే ఇస్తానంటే, అరవై వేలు యజమాని జేబులోంచి పోయినట్టే. పైగా అమ్మేశాక ఆర్సీ మారకుండా ఆ బండి మళ్లీ రోడ్డెక్కి ఎవరినైనా గుద్దితే కేసు పాత యజమాని మెడకే చుట్టుకుంటుంది. కాబట్టి అడగాల్సింది ఒకటే: ఆ ధరకు కొంటానన్న మనిషి రాతపూర్వకంగా ఎవరు? నిజంగా ఉంటే కంపెనీయే అతనికి అమ్ముకుని, తప్పనిసరి మినహాయింపు వెయ్యో రెండు వేలో పోను ఐడీవీ మొత్తం మనకివ్వాలి. లేకుంటే ఆ అంకె ఊహ.

సర్వేయర్ లెక్క కట్టాక మనమెవరం అంటారు కొందరు. అతనికి లైసెన్సు ఉంది, చట్టంలో స్థానమూ ఉంది, నిజమే. అయినా అతని నివేదికే తుది మాట కాదని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంతకంటే బలమైన అభ్యంతరం క్యాబ్ నడిపేవాళ్లది: ఫైనాన్స్ వాడు వాయిదా అడుగుతుంటే నెలల తరబడి ఎవరు వాదిస్తారు? దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. వచ్చే చెక్కులోనూ మొదటి వాటా ఫైనాన్స్ కంపెనీదే. కానీ అవసరం కొద్దీ డబ్బు తీసుకోవడం, హక్కు వదులుకోవడం ఒకటి కావు. సొమ్ము ముట్టిందని రాసిచ్చే డిశ్చార్జి వోచర్ మీద సంతకం పెట్టినంత మాత్రాన మిగతా సొమ్ము కోసం కోర్టుకెళ్లే దారి మూసుకుపోదని బీమా నియంత్రణ సంస్థ 2015లోనే సర్క్యులర్ ఇచ్చింది. అయినా సంతకం పక్కన ‘అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని రాసి, ఒక ఫోటో తీసి పెట్టుకోండి. ముందు కంపెనీకి లిఖితంగా ఫిర్యాదు చేయండి. నెలలో సరైన జవాబు రాకపోతే బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయం లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లోనే ఉంది. అక్కడ ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.