కాస్త తేడా

పల్నాడులో మిరప ఎంత విరగకాసినా రైతు నోట 'బ్రహ్మాండం' అన్న మాట రాదు. "బాబాయ్, చేను ఎట్టుంది?" అంటే "పర్లేదు లేరా అబ్బాయ్" అంటాడు, దిష్టి తగులుతుందని. పంట పోయినప్పుడూ అంతే. 2021లో నల్ల తామర పురుగు పూతలో చేరి రసం పీల్చేసింది. పూత రాలింది, ఆకు ముడుచుకుంది, నిలిచిన కాయ వంకర తిరిగింది. చేతులారా పెంచిన చేలను పీకేసుకున్నవాళ్ళున్నారు. అలాంటి చేను గట్టున నిలబడి కూడా పెద్దాయన "ఈ ఏడు కాస్త తేడా కొట్టిందయ్యా" అనే అంటాడు. ఆ 'కాస్త' బరువెంతో ఊళ్ళోవాళ్ళకు తెలుసు. జీపు దిగి అడిగినవాళ్ళకు తెలియదు.

ఆంగ్లేయులదీ ఇదే అలవాటు. 1951 ఏప్రిల్‌లో కొరియాలో, ఇమ్జిన్ నది దగ్గర, చైనా సేనలు గ్లోస్టర్‌షైర్ పటాలాన్ని చుట్టుముట్టాయి. ఎలా ఉందని అమెరికన్ జనరల్ అడిగితే, బ్రిటిష్ బ్రిగేడియర్ టామ్ బ్రోడీ కాస్త చిక్కుగా ఉందన్నాడట. సాటి ఆంగ్లేయుడైతే కొంప మునిగిందని గ్రహించేవాడు. అమెరికన్‌కు మాత్రం ఎలాగో నెట్టుకొస్తున్నారనే అర్థమైంది. ఆ పటాలంలో అయిదు వందల మందికి పైగా బందీలయ్యారు. మాట్లాడింది ఇద్దరూ ఇంగ్లీషే.

నరసరావుపేట నుంచి ఇంగ్లండు చదువుకు వెళ్ళిన పిల్లలదీ ఇదే చిక్కు. "ఈ అధ్యాయం ఇంకోసారి చూస్తే బాగుంటుందేమో" అని ప్రొఫెసర్ అంటే, మొత్తం మళ్ళీ రాయమని. వీలుంటే చూడమన్నాడనుకుని పిల్లవాడు ఊరుకుంటాడు. అదే పిల్లవాడు రాత్రి ఫోన్‌లో నాన్న "పర్లేదురా" అన్న తీరునుబట్టి ఇంట్లో డబ్బుకు కటకటగా ఉందని ఇట్టే పట్టేస్తాడు. వినడం రాక కాదు, ఆ ఊరి కొలత ఇంకా అలవాటు కాలేదు.

తగ్గించి చెప్పే ఈ మర్యాదంటే నాకు గౌరవం. తన కష్టం ఎదుటివాడి నెత్తిన పెట్టకూడదన్న అభిమానం అందులో ఉంది. కానీ కౌలు ముందే కట్టి, మందులు అప్పుకు తెచ్చినవాడికి ఆ అభిమానమే నోరు కట్టేస్తుంది. అందుకే పంట నష్టం రాసుకోవడానికి వచ్చేవాళ్ళు "ఎట్టుంది?" అని అడిగి వెళ్ళిపోకూడదు. ఎన్ని ఎకరాలు పీకేశావు, మళ్ళీ ఏం వేశావు, కౌలెంత కట్టావు, మందుల కొట్లో బాకీ ఎంత అని ఒక్కొక్కటే అడగాలి. వాటికైతే పల్నాటి రైతు రూపాయి తేడా లేకుండా లెక్క చెబుతాడు.