కోరస్ లేని పాట, మాండలిన్ పట్టిన గిటారిస్టు

రాక్ అంటే ఎలక్ట్రిక్ గిటార్ మోతే అనుకునే రోజుల్లో, 1991 ఫిబ్రవరిలో, ఆర్.ఇ.ఎం. బృందం మాండలిన్‌ను ముందు నిలబెట్టి 'లూజింగ్ మై రెలిజియన్' సింగిల్ వదిలింది. వార్నర్ బ్రదర్స్ రికార్డు కంపెనీవాళ్లే జంకారు. జంకరా మరి! దాదాపు నాలుగున్నర నిమిషాల పాట, జనం అందుకుని పాడే కోరస్ లేదు. 'అవుట్ ఆఫ్ టైమ్' ఆల్బమ్‌కు ఇదే మొదటి సింగిల్ కావాలని బృందం పట్టుబట్టింది. పాట అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో నాలుగో స్థానం దాకా ఎక్కింది.

వీళ్లది జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్, కాలేజీ ఊరు. అప్పటికి 1980 నుంచి కలిసి వాయిస్తున్నారు. గిటారిస్టు పీటర్ బక్ మాండలిన్ కొత్తగా కొని, టీవీ చూస్తూ సాధన చేస్తుంటే టేపులో పడిన ముక్కే ఈ పాటకు మొలక అంటారు.

మాండలిన్‌కు ఎనిమిది తీగలు, నాలుగు జంటలు. శ్రుతి వయొలిన్‌దే. మీటిన స్వరం ఇట్టే ఆరిపోతుంది. కర్ణాటక సంగీతంలో మన పాలకొల్లు శ్రీనివాస్ గారు ఆ ఇబ్బందిని దాటడానికి ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టి, జంటలు తీసేసి, అయిదు తీగల మీద గమకాలు పలికించారు. ఆ విద్వత్తు బక్‌కు లేదు, ఉన్నట్టు నటించనూ లేదు. ఆరిపోయే స్వరాన్ని ఆరిపోనిచ్చి, వెంటనే మరొకటి మీటాడు. ఏ మైనర్, ఈ మైనర్ మధ్య తిరిగే ఆ చిన్న వరసలో ప్రదర్శన కోసం పెట్టిన స్వరం ఒక్కటి చూపించండి!

అసలు మొనగాడు బేస్ వాయించిన మైక్ మిల్స్ అంటాను. ఫ్లీట్‌వుడ్ మ్యాక్ బృందంలోని జాన్ మెక్‌వీ బేస్ పద్ధతిని మనసులో పెట్టుకుని తన వరస కట్టానని తనే చెప్పుకున్నాడు. మాండలిన్ పైన గలగలలాడుతుంటే కింద నడక మొత్తం ఆయనదే. బిల్ బెరీ డ్రమ్స్ ఎక్కడా మీద పడవు. అట్లాంటా సింఫనీ వాద్యకారుల తీగవాద్యాలు కూడా కన్నీళ్లు పిండవు, వెనకే నిలబడతాయి. ఇక మైకేల్ స్టైప్ గొంతు: ఒకే టేకులో పాడాడు. మనసులో మాట చెప్పాలా వద్దా అని నలిగిపోయేవాడి గొంతు అది. తీసి తీసి సరిచేస్తే ఆ వణుకు దక్కేదా?

వీడియో తీసింది జలంధర్‌లో పుట్టిన తర్సేమ్ సింగ్. మార్క్వెజ్ కథలోని రెక్కల ముసలివాణ్ణి, కారవాజియో చిత్రాల వెలుగునీడలను, మన దేశపు క్యాలెండర్ దేవుళ్ల రంగులను ఒకచోట చేర్చాడు. ఎమ్‌టీవీ ఆ ఏడాది ఆరు అవార్డులిచ్చింది. మరుసటి ఏడాది ఈ పాటకు రెండు గ్రామీలూ వచ్చాయి. 1991 అనగానే సెప్టెంబరులో వచ్చిన నిర్వాణా ఆల్బమ్ గురించే పేజీలు నింపేవాళ్లున్నారు. నింపుకోనీండి. ఆల్టర్నేటివ్ రాక్‌కు పెద్ద రేడియోల తలుపు తీసినవాళ్లలో ఏథెన్స్‌వాళ్లు ముందున్నారు. నిర్వాణా గాయకుడు కర్ట్ కొబేన్ సైతం వాళ్ల అభిమానే.

ఇప్పుడేమో కీబోర్డులో 'మాండలిన్' బటన్ నొక్కి, ఒక్క ముక్కను కాపీ కొట్టి పాట పొడుగునా అతికిస్తున్నారు. వేలు లేదు, తీగ లేదు, అలుపు లేదు. గాయకుడి గొంతును యంత్రంతో ఇస్త్రీ చేస్తున్నారు. పదిహేను సెకన్ల రీలుకు సరిపోయే 'హుక్' లేకపోతే పాటే కాదట! దీన్ని పనితనం అనమంటే నేననను. ఈ లెక్కన ఆ నలుగురి పాట ఇవాళ స్టూడియో గుమ్మం దాటేది కాదు.

ఆర్.ఇ.ఎం. 2011లో విడిపోయింది. 2024 జూన్‌లో న్యూయార్క్‌లో సాంగ్‌రైటర్స్ హాల్ ఆఫ్ ఫేమ్ సన్మానానికి నలుగురూ మళ్లీ ఒక్క వేదికెక్కి ఈ పాటే వాయించారు. మీరూ ఒకసారి మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చివరిదాకా వినండి. మొదటిసారి గొంతును పక్కనపెట్టి, బేస్ ఒక్కదాని వెంటే వెళ్లండి.