కరెంటు పోతే నీళ్లెక్కడికి పోతాయి?

నాలుగడుగుల అక్వేరియం చేయించుకోవడానికి దుకాణానికి వెళ్లినవారి మాటల్లో సగానికి పైగా చేపల గురించే ఉంటాయి. మిగిలినవి లైట్లు, రాళ్లు, స్టాండు రంగు. ఫిల్టరు సంగతి ఆఖర్న వస్తుంది. అప్పుడు దుకాణదారు, ఒక పక్కన గాజు అడ్డుపెట్టి సంపు కట్టేస్తాలెండి అంటాడు. ఎంత వెడల్పు, ఎన్ని గదులు, ఏ అడ్డు ఎంత ఎత్తు అన్న చర్చ చాలాసార్లు ఆ మాటతోనే అయిపోతుంది. తొట్టి ఏళ్లపాటు హాల్లో నిలుస్తుందా, ఏడాది తిరక్కుండా అటకెక్కుతుందా అన్నది మాత్రం ఆ లెక్కల మీదే ఆధారపడి ఉంటుంది.

సంపు మన ఇళ్లకు కొత్త కాదు. కింద సంపు, మీద ట్యాంకు, మధ్యలో మోటారు. అక్వేరియంలోనూ ఇదే ఏర్పాటు. ఒకటే తేడా, ఇక్కడ నీరు వాడకానికి పోకుండా మళ్లీ సంపులోకే వస్తుంది, వచ్చే దారిలో శుభ్రపడుతుంది.

శుభ్రపడటమంటే చెత్త వడకట్టడం ఒక్కటే అనుకుంటారు. అది చిన్న పని, స్పాంజి చేసేస్తుంది. అసలు శత్రువు కంటికి కనపడదు. చేపలు ప్రధానంగా మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతాయి. దాన్ని బాక్టీరియా మొదట నైట్రైట్‌గా, ఆ తర్వాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఇది భీమవరం, కైకలూరు వైపు చెరువుల రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. అమ్మోనియా, నైట్రైట్ పరీక్షలు వాళ్లకు నిత్యకృత్యం. ఈ బాక్టీరియా ఎక్కువగా ఏదో ఒక ఉపరితలాన్ని పట్టుకుని పెరుగుతుంది. అందుకే సంపులో సిరామిక్ రింగులు, బయోబాల్స్ లాంటి మీడియా నింపుతారు.

ఈ విద్య అక్వేరియంకన్నా ముందు మురుగునీటి దగ్గర పుట్టింది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 1887లో లారెన్స్ అనే ఊళ్లో ప్రయోగశాల పెట్టి, మురుగునీటిని ఇసుక, గులకరాళ్ల మీదుగా పంపి ఏమవుతుందో చూసింది. సుమారు వందేళ్ల తర్వాత, 1986లో, డచ్ దేశీయుడు జార్జ్ స్మిట్ ఒక అమెరికన్ అక్వేరియం పత్రికలో రాసిన వ్యాసాలతో, నీటిని బయోబాల్స్ మీద చిలకరించి వడకట్టే సంపు ఇళ్లకు చేరింది. ఇప్పుడు చాలామంది వాడే కే1 మీడియా కూడా నార్వేలో మురుగునీటి శుద్ధి కోసం తయారైనదే. ఒక ఘనపు మీటరు కే1లో బాక్టీరియా పట్టుకునే చోటు దాదాపు 500 చదరపు మీటర్లు. అంటే తొమ్మిది లీటర్లు పోస్తే నాలుగున్నర చదరపు మీటర్లు. ఇంటి తొట్టికి, చేపల్ని మరీ కిక్కిరిసి వేయకపోతే, అది చాలు. ఏ బ్రాండు రింగులు మేలన్న వాదన మీద జనం పెట్టే శ్రద్ధలో పదోవంతు గదుల కొలతల మీద పెడితే బాగుండును.

ఎందుకంటే సంపును పరీక్షించేది మామూలు రోజు కాదు. కరెంటు పోయిన రాత్రి.

సంపు కింద, స్టాండు లోపల ఉందనుకుందాం. పైన తొట్టి నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అంచుదాకా పోస్తే 255 లీటర్లు పడుతుంది. నీటిమట్టం ఒక్క అంగుళం దిగితే 14 లీటర్లు కిందికి వచ్చినట్టు. పంపు నుంచి పైకి వెళ్లే పైపు మూతి నీటిలో రెండంగుళాలు మునిగి ఉంటే, కరెంటు పోగానే అదే పైపు సైఫన్‌గా మారి 28 లీటర్లు వెనక్కి లాగేస్తుంది. కింద సంపు రెండున్నర అడుగుల పొడవు, ఒక అడుగు వెడల్పు ఉంటే అందులో మట్టం ఐదంగుళాలు పెరుగుతుంది. ఆ ఖాళీ ముందే వదలకపోతే నీళ్లు హాల్లోకి వస్తాయి. మూతిని మట్టానికి కాస్త కిందే ఉంచి, పైపుకు నీటి అంచున చిన్న రంధ్రం పెడితే గాలి లాగి సైఫన్ తెగిపోతుంది. ఆ రంధ్రానికి పాచి పడుతుంది కాబట్టి అప్పుడప్పుడు పొడవాలి. నాన్ రిటర్న్ వాల్వు ఉందిగా అని ధీమాగా ఉండేవారున్నారు. అందులో ఒక చిన్న నత్త ఇరుక్కుంటే చాలు.

తొట్టిలోనే పక్కన ఎనిమిదంగుళాలు విడదీసి కట్టే సంపుకు ఈ బెడద లేదు. పంపు ఆగితే అడ్డు మీదుగా పారే పల్చటి పొర దిగుతుంది, అక్కడితో సరి. పైపులోంచి వెనక్కి వచ్చినదీ పక్క గదిలోనే చేరుతుంది. ఆ గది గోడలు కూడా తొట్టి గోడలంత ఎత్తే కదా. పంపు నీటిని ఎత్తాల్సింది కూడా కొద్ది అంగుళాలే. డబ్బా మీద రాసిన లీటర్లు ఎత్తు లేనప్పటి లెక్క, నాలుగడుగులు ఎక్కించేసరికి అవి బాగా పడిపోతాయి. ఇందుకు మూల్యం 42 లీటర్ల చోటు. అంతమేర చేపలు ఈదే జాగా తగ్గుతుంది. కరెంటు కోతలు మామూలైన ఊళ్లో, అద్దె ఇంట్లో, కింద పోర్షన్‌లో ఎవరో ఉంటున్నప్పుడు అది చవక బేరమే.

అలాగని పక్క సంపుకు లెక్కలు అక్కర్లేదని కాదు. దాని గండం వేరే. స్పాంజి మూసుకుపోతుంది, పంపు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. చివరి గదిలో ఉన్న నీరంతా తొట్టిలోకి ఎక్కేస్తుంది. ఆ గది ఎనిమిది బై ఆరు అంగుళాలు, పంపు మీద పదంగుళాల నీరు అనుకుంటే ఎనిమిది లీటర్లు. తొట్టిలో మట్టం ముప్పావు అంగుళం లోపే పెరుగుతుంది. పైన అంగుళం ఖాళీ ఉంటే నేల తడవదు. అదే గదిని అడుగు పొడవు కట్టించుకుంటే 1.3 అంగుళాలు పెరిగి పొర్లిపోతుంది. పెద్ద గది మంచిదే అనుకునేవారు ఇక్కడే దెబ్బతింటారు.

అయితే చిన్న గదికీ ఒక చిక్కుంది. తొట్టి మొత్తంలో ఆవిరయ్యే నీరంతా తగ్గి కనపడేది ఆ ఒక్క గదిలోనే. ఎండాకాలం ఫ్యాను కింద రెండు లీటర్లు ఆవిరైతే అక్కడ రెండున్నర అంగుళాలు దిగిపోతుంది. పట్టించుకోకపోతే పంపు గాలి పీల్చి కాలిపోతుంది. చిన్న గదే కట్టించుకుని, దానికి బయటనుంచి నీరందించడం మేలు. ఫ్లోట్ వాల్వు పెట్టవచ్చు గానీ దాన్ని ఇంటి ఓవర్‌హెడ్ ట్యాంకు పైపుకు కలపకూడదు. వాల్వు ఒక రాత్రి ఇరుక్కుంటే ట్యాంకు మొత్తం హాల్లో ఉంటుంది. పది లీటర్ల క్యాన్‌కు కలిపితే, వాల్వు చెడినా పెరిగేది అంగుళంలోపే.

పని వివరాల్లో రెండు మాటలు. తొట్టికీ సంపుకూ మధ్య గాజును పల్చగా వేసి డబ్బు మిగల్చకూడదు. రెండు పక్కలా నీరున్నంతసేపు దానికి భారం లేదు, కానీ సంపు ఖాళీ చేసి కడిగేటప్పుడు తొట్టి నీళ్ల ఒత్తిడంతా ఒకవైపే పడుతుంది. అతికించే సిలికాన్ బాత్రూములకు వాడే బూజు నిరోధక రకం కాకూడదు, అందులోని మందు చేపలకు విషం. స్పాంజి గదిలో అరచెయ్యి పూర్తిగా పట్టాలి. మూడంగుళాల సందులో పెట్టిన స్పాంజిని ఎవరూ వారం వారం తీసి పిండరు. మీడియాను కొళాయి కింద కడిగితే క్లోరిన్‌కు బాక్టీరియా చస్తుంది, తొట్టిలోంచి తీసిన నీటిలోనే జాడించాలి.

కొత్త సంపులో బాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ వ్యవధిని వృథా చేయకండి. చేపలు వేయకముందే తొట్టి నింపి, పంపు నడిపించి, ప్లగ్గు పీకి పక్కన నిలబడండి. నీరు ఎక్కడిదాకా వచ్చి ఆగిందో స్కెచ్ పెన్నుతో గాజు మీద గీత గీయండి. తర్వాత స్పాంజి గది నోటికి గుడ్డ అడ్డుపెట్టి పంపు నడపండి, చివరి గది ఖాళీ కావస్తుండగా ఆపేయండి. రెండింట్లో ఏ ఒక్కదానికి నేల తడిసినా, తొట్టిని చేసిన దుకాణానికే పంపించి సరిచేయించుకోండి.